బెంగ పెట్టుకున్న పిల్లలు

తెలుగులో జ్వరం వస్తుంది, జలుబు పట్టుకుంటుంది, బెంగ మాత్రం ‘పెట్టుకుంటారు’. ఆ మాట వల్లనో ఏమో, చదువు కోసం ఇల్లు వదిలిన పిల్లవాడు అన్నం సయించక కూర్చుంటే అది వాడు కోరి తెచ్చుకున్న కష్టమన్నట్టు మాట్లాడతాం. ఇది అన్యాయం. అసలు ఆ బెంగ దేనికోసమో ముందు తెలియాలి. 1688లో బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి ఇంటిబెంగ మీద సిద్ధాంత వ్యాసం రాశాడు. ‘నోస్టాల్జియా’ అన్న మాట పుట్టింది అందులోనే. చదువుకోవడానికి బెర్న్ నుంచి బాసెల్ వచ్చిన ఒక కుర్రాడి సంగతి అందులో ఉంది. జ్వరంతో మంచం పట్టి ఇక బతకడనుకున్నాక, ఇంటికి పంపేయమన్నారు. ప్రయాణం మాట వినగానే తేరుకున్నాడు, ఊరు చేరకముందే దారిలో కోలుకున్నాడు. ఆ దారి దగ్గరే నా ఆలోచన ఆగిపోతుంది. గడప కనబడలేదు, అమ్మ చేతి ముద్ద నోట్లో పడలేదు, అయినా జ్వరం దిగింది. తన కోసం ఎదురుచూసే మనుషుల వైపు వెళ్తున్నానన్న ఎరుకే అతనికి మందయింది. ఇంట్లో మనం లేకపోతే ఆ లోటు ఎవరికో తెలుస్తుంది. కొత్తచోట మనం ఉన్నా లేకపోయినా ఎవరికీ పట్టదు. బెంగ పుట్టేది అక్కడేనని నా నమ్మకం.

1888లో లండన్ చేరిన గాంధీ, రాత్రిళ్లు ఇల్లూ తల్లీ గుర్తొచ్చి కన్నీళ్లు పెట్టుకున్నానని ఆత్మకథలో రాశారు. మాంసం ముట్టనని తల్లికిచ్చిన మాట ఆయన్ని మరింత ఒంటరిని చేసింది. ఏం వండిపెట్టాలో ఇంటావిడకు తోచేది కాదు, ఆయన అర్ధాకలితో లేచేవారు. చివరికి ఫారింగ్‌డన్ వీధిలో శాకాహార భోజనశాల దొరికి కడుపు నిండింది. అంతకన్నా పెద్ద సంగతి తర్వాత జరిగింది. శాకాహార సంఘం కార్యవర్గంలో చేరారు, తానుంటున్న బేస్‌వాటర్‌లో చిన్న క్లబ్బు పెట్టి కార్యదర్శి అయ్యారు. ఇంటి నుంచి తెచ్చుకున్న మాటే పరాయి ఊళ్లో ఆయనకొక పనినీ, రాకపోతే ఏమయ్యారని అడిగే మనుషులనూ ఇచ్చింది.

ఇప్పుడు వీడియో కాల్ ఉండగా ఇదంతా ఎందుకంటారు. నిజమే, ఇంట్లో ఇవాళ ఏం కూరో డల్లాస్‌లో ఎం.ఎస్. చదివే అమ్మాయికి నిమిషంలో తెలుస్తుంది. కానీ ఆమె పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని పక్కగదిలో వాళ్లకు తెలియదు. ఫోన్ మానేయమని నేననను, ఆ రెండో పని అది చేయలేదంటున్నానంతే. ఇంటి నుంచి హాస్టల్‌కు తెచ్చుకున్న, మూత కింద కవరు పెట్టి బిగించినా నూనె కారి బట్టలకు ఎర్రమరక చేసిన ఆవకాయ సీసానే చూడండి. పెట్టె అడుగున దాచుకుని ఒక్కరే కలుపుకుంటే ప్రతి ముద్దకీ ఇల్లే గుర్తొస్తుంది. మెస్ బల్ల మీద పెడితే నాలుగు రోజుల్లో ఖాళీ అవుతుంది గానీ, అయిదో రోజు ‘ఏరా, ఇవాళ లేటయిందేం?’ అని అడిగే గొంతు ఒకటి మిగులుతుంది.

అందరూ అలా చొరవగా కలవలేరు కదా అంటే, కలవలేరు. నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీల్లో 2008 నుంచి పదో తరగతి కాగానే ఆరేళ్ల చదువుకు చేరుతున్న పిల్లల్లో ఎందరో పల్లెటూళ్ల బిడియస్థులు. అయితే పక్క మంచం వాడు భోజనానికి రాలేదని గమనించి గ్లాసుడు మజ్జిగ తీసుకెళ్లడానికి మాటకారితనం అక్కర్లేదు. బెంగతో ఉన్నవాడికే ఇంకొకడి బెంగ ముందు కనబడుతుంది. ఇక వేధింపులో, నిద్రపోనివ్వని ర్యాంకుల ఒత్తిడో ఉన్నచోట పిల్లల్ని సర్దుకోమనడం తప్పు, వెళ్లి తెచ్చుకోవాలి. ‘ఉండలేకపోతే వచ్చెయ్, ఎవరూ ఏమీ అనరు’ అని బస్సెక్కించేటప్పుడే చెప్పి పంపాలి. బెర్న్ కుర్రాడికి ఆ మాట ప్రాణం మీదికి వచ్చాక గానీ అందలేదు.