బేరంలోనూ ధమ్మమే

ఏప్రిల్ 14 జయంతి ఊరేగింపుకి కొత్త డప్పులు చేయించాలని, డప్పులు కట్టే అన్న దగ్గరికి వెళ్తారు. అక్కడ మీ మొదటి మాట ఏమిటి? "తోలు ముక్కే కదా, ఇంత రేటా?" అనేనా?

ఒక్కసారి ఆలోచించండి. మేకతోలు నానబెట్టాలి, వెంట్రుకలు తీయాలి, కర్ర చట్రానికి బిగించాలి, ఎండలో ఆరనివ్వాలి. ఇవాళ చెప్పి రేపే ఇమ్మంటే తోలు మన మాట వినదు. గిటారు షాపులో రేటు చూసి నోరెత్తని మనం ఇక్కడెందుకు గీచి గీచి బేరమాడతాం? తోలుపనికి విలువ లేదని కులం నేర్పింది కాబట్టి. కులం పనినే కాదు, పనిచేసేవాళ్లనే విడగొట్టిందని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో రాశారు.

రెండో శీలం ఏం చెబుతుంది? ఇవ్వనిది తీసుకోవద్దని. అవసరంలో ఉన్న మనిషిని ఒత్తిడి పెట్టి తగ్గించుకున్న డబ్బు, ఆయన మనసారా ఇచ్చిందేనా? సమ్యక్ ఆజీవం అమ్మేవాడికి మాత్రమే కాదు. ఆయన బతుకు న్యాయంగా సాగాలంటే కొనే మనమూ న్యాయంగా ఉండాలి.

అందుకే ముందుగానే చెప్పండి. అడ్వాన్సు ఇవ్వండి. మోత సరిగా లేకపోతే మర్యాదగా చెప్పి సరిచేయించుకోండి. డప్పు చేతికొచ్చిన రోజే మిగతా డబ్బు ముట్టజెప్పండి.

నమో బుద్ధాయ! జై భీమ్!