ధ్రువుడు కనిపించని దేశంలో ఉగాది

మారిషస్‌లో ధ్రువ నక్షత్రం కనిపించదు. భూమధ్యరేఖకు దక్షిణంగా 20 డిగ్రీల దగ్గర ఉన్న ఆ దీవిలో ధ్రువుడు ఏ రాత్రీ ఉదయించడు. సప్తర్షులు మాత్రం కొన్ని నెలలపాటు ఉత్తరాన, సముద్రం మీదికి వంగినట్టు కనిపిస్తారు. చూపు మంచిదైతే వసిష్ఠుడి పక్కన అరుంధతినీ పోల్చుకోవచ్చు. పెళ్లి పందిట్లోంచి కొత్త దంపతులను బయటికి తీసుకొచ్చి ఆకాశం చూపించే అలవాటున్న మనవాళ్లు, గోదావరి, విశాఖ, గంజాం పల్లెల నుంచి ఓడలెక్కి అక్కడ దిగిన తరవాత, ఏదో ఒక రాత్రి తలెత్తి వెతికే ఉంటారు. పంచాంగం వెంట వెళ్లింది, ఆకాశం వెళ్లలేదు. ఋతువులు కూడా తిరగబడ్డాయి. మన వసంతం వచ్చే వేళకు అక్కడ వేసవి ముగిసి శరత్తు మొదలవుతుంది. అయినా చైత్ర శుద్ధ పాడ్యమి నాడు ఆ దేశమంతటికీ సెలవు. తెలుగువాళ్లకే కాదు, చైనా మూలాల వర్తకుడికీ, ఆఫ్రికా మూలాల జాలరికీ, ఫ్రెంచి ఇంటిపేరున్న చెరకు తోట యజమానికీ ఉగాది సెలవే.

నేను ఉండే ఢిల్లీ మయూర్ విహార్‌లో ఉగాది చాలాసార్లు మామూలు పనిరోజులా వచ్చి వెళ్లిపోతుంది. యమున ఒడ్డు వేపచెట్లు అప్పటికి ఆకు రాల్చి చిగురు తొడుగుతుంటాయి, పూత ఇంకా రాదు. పొద్దున్నే ఇంత పచ్చడి నాలుక మీద వేసుకుని మెట్రో ఎక్కుతాం. మా ఫేజ్ వన్‌లో ఉత్తర గురువాయూరప్పన్ గుడి ఉంది, మలయాళీలు ఉన్నారు, బెంగాలీలు ఉన్నారు, ఆరా, ఛప్రా, బలియా వైపు నుంచి వచ్చిన భోజ్‌పురి కుటుంబాలు ఉన్నాయి. ఛఠ్ పండగ రోజుల్లో ఆ ఆడవాళ్ల పాటలు వింటుంటే నాకు మారిషస్ గుర్తొస్తుంది. ఎందుకంటే ఆ పాటల తోబుట్టువులు అక్కడ ఉన్నాయి. మారిషస్ పెళ్లిళ్లలో ఆడవాళ్లు పాడే గీత్ గవాయీ అనే భోజ్‌పురి పాటల సంప్రదాయాన్ని యునెస్కో 2016లో మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఆరా వాళ్లూ మేమూ ఢిల్లీ అనే మహానగరానికి వచ్చి ఒకే లిఫ్టులో ఎక్కిదిగుతున్నాం. వాళ్ల పూర్వీకుల దాయాదులూ మా పూర్వీకుల దాయాదులూ 19వ శతాబ్దంలో ఒకే రేవులో దిగి ఒక దేశాన్నే నిలబెట్టారు.

ఆ దేశం ఎంతది? దీవులన్నీ కలిపినా సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు, మన ఢిల్లీ రాష్ట్రం కన్నా కాస్త పెద్దది. జనం 13 లక్షలకు లోపే. మడగాస్కర్‌కు తూర్పున దాదాపు 800 కిలోమీటర్ల దూరంలో, లక్షల ఏళ్ల కింద సముద్రం అడుగు నుంచి ఎగసిన అగ్నిపర్వతం అది. లావా చల్లారి నల్లరాయి అయింది, నల్లరాయి చుట్టూ పగడాల దిబ్బలు పెరిగి దీవికి దాదాపు పూర్తి ప్రాకారం కట్టాయి. ఆ ప్రాకారానికి బయట అలలు విరుగుతాయి, లోపల లేత ఆకుపచ్చ నీళ్లు. తీరాన ఎండ కాస్తుంటే నడుమ పీఠభూమి మీది కూర్‌పీప్ పట్నంలో వాన కురుస్తుంది. అన్నిటికన్నా ఎత్తైన శిఖరం 828 మీటర్లు, అంతే. అయితే చదునైన చెరకు పొలాల్లోంచి నిటారుగా లేవడం వల్ల ఆ చిన్న కొండలు మేరువుల్లా కనిపిస్తాయి. తూర్పున 560 కిలోమీటర్ల అవతల రోడ్రిగ్స్, ఉత్తరాన అగలేగా కూడా ఈ దేశానివే. నేల ఇంత చిన్నదైనా, దానికి హక్కున్న సముద్రం 20 లక్షల చదరపు కిలోమీటర్లు దాటుతుంది.

డోడో పక్షి పుట్టిన చోటూ, పోయిన చోటూ ఇదే. 1598లో డచ్చివాళ్లు కాలుపెట్టిన తరవాత వందేళ్లయినా గడవకముందే ఆ జాతి అంతరించింది. ఇది అందరికీ తెలిసిన కథ. తక్కువ మందికి తెలిసింది ఇంకోటుంది. మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ 1974 నాటికి అడవిలో నాలుగంటే నాలుగే మిగిలినట్టు తేలింది. గుడ్లు పొదిగించి, పిల్లలను చేతులతో మేపి, కొండ అడవుల్లో వదిలి, దాన్ని మళ్లీ వందల్లోకి తెచ్చారు. ఇప్పుడది ఆ దేశపు జాతీయ పక్షి. డోడోను పోగొట్టుకున్న నేల మీదే ఇది జరగడం నాకెంతో గొప్పగా అనిపిస్తుంది.

డచ్చివాళ్లు 1710లో వెళ్లిపోయారు, 1715లో ఫ్రెంచివాళ్లు వచ్చారు, 1810లో ఆంగ్లేయులు గెలుచుకున్నారు. ఎవరి జెండా ఎగిరినా చెరకు పొలంలో వంగిన వీపులు మాత్రం బానిసలవే, ఆఫ్రికా నుంచీ మడగాస్కర్ నుంచీ ఎత్తుకొచ్చిన మనుషులవి. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. తోటల యజమానులకు అంతకుముందే మన దేశం గుర్తొచ్చింది. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను పోర్ట్ లూయీ రేవులో దింపింది. ఆ తరవాత దశాబ్దాల్లో వచ్చినవాళ్లు నాలుగున్నర లక్షల పైచిలుకు. ఐదేళ్ల ఒప్పందం, నెలకు ఐదు రూపాయల జీతం. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. ఓడ దిగినవాళ్లు రేవు దగ్గర పదహారు రాతి మెట్లెక్కి లోపలికి వెళ్లి తమ పేరు, ఊరు, కులం చెప్పి ఒక సంఖ్య తీసుకోవాలి. ఆ మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ చోటే అప్రవాసీ ఘాట్. 2006లో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేరింది.

1843లో కోరంగి ప్యాకెట్ అనే ఓడలో తెలుగువాళ్లు పెద్ద గుంపుగా చేరారని అక్కడివాళ్లు తలుచుకుంటారు. కాకినాడ పక్కన గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట కోరంగి అప్పట్లో పేరున్న రేవు. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి ఉప్పెన దాన్ని ముంచేసింది. ఇవాళ అక్కడ మడ అడవులు. ఊరు మాసిపోయినా ఆ పేరు సముద్రం దాటి, మారిషస్‌లో తెలుగువాళ్లను కొరంగీలని పిలిచే పిలుపుగా చాలాకాలం నిలిచింది. రేవు పోగొట్టుకున్న ఊరివాళ్లు ఇంకో రేవులో తమ ఊరి పేరుతో బతికారు.

మారిషస్ చెరకు పొలాల్లో నల్లరాళ్ల గుట్టలుంటాయి, పిరమిడ్లలా. నేల సాగుకు రావాలంటే లావా రాళ్లు ఏరాలి. క్రేన్లు లేని కాలంలో బానిసలూ వాళ్ల తరవాత కూలీలూ చేతులతో, నెత్తుల మీద మోసి పేర్చిన గుట్టలవి. మహారాజుల పేర్లున్న కట్టడాలు ఎన్నో చూశాం. ఆ గుట్టల మీద ఎవరి పేరూ లేదు, వాటిలో సింహాద్రి అప్పన్నను తలుచుకుంటూ మోసిన చేతులున్నాయి. అప్పన్నకు ఇప్పటికీ అక్కడ పూజలున్నాయి. అమ్మోరు పండగ ఉంది. రాత్రి సాగే రామభజన ఉంది. ఇంట్లో మాట్లాడేది ఆ దీవి వాడుక భాష క్రియోల్ అయినా మొక్కు మాత్రం తెలుగు దేవుళ్లకు. పేర్లు కూడా నిలిచాయి. ఫ్రెంచిలో రాసే నవలా రచయిత్రి నతాషా అప్పన్న ఆ దీవి బిడ్డే. ఒప్పందపు కూలీల ప్రయాణం మీద ఆమె మొదటి నవల 2003లో వచ్చింది. ఆమె పూర్వీకుల ఇంటిపేరు పాతరెడ్డి-అప్పన్న. రేవులో గుమాస్తా చెవికి అందినట్టల్లా రాసుకున్న ఒక కూలీ పేరు ఇవాళ పారిస్ పుస్తకాల అట్టల మీద ఉంది.

నన్ను మారిషస్ వైపు మళ్లీ మళ్లీ లాగేది మాత్రం పగడాలూ కాదు, కొండలూ కాదు, 1948. అంతవరకూ ఓటు ఆస్తిపరులది, ఆ దీవి మొత్తానికి 12 వేలమందికి మించి లేదు. కొత్త రాజ్యాంగం ఒక చిన్న షరతుతో తలుపు తెరిచింది: దీవిలో వాడుకలో ఉన్న భాషల్లో ఏదో ఒకదానిలో చిన్న వాక్యాలు చదివి రాయగలిగితే చాలు, ఓటు ఉంటుంది. ఆ భాషల వరసలో ఇంగ్లీషు, ఫ్రెంచి, హిందుస్తానీలతో పాటు తెలుగు ఉంది. బాసుదేవ్ బిసున్‌దయాల్ నడిపిన ఉద్యమ కార్యకర్తలు ఊరూరా రాత్రి బడులు పెట్టారు. పగలంతా చెరకు కొట్టిన చేతులు రాత్రి లాంతరు ముందు పలక పట్టాయి. ఓటర్ల సంఖ్య ఒక్కసారిగా 70 వేలు దాటింది. తాత రేవులో సంఖ్యగా నమోదయ్యాడు, మనవడు అక్షరాలు దిద్ది పౌరుడయ్యాడు. మన ఓనమాలకు ఇంతటి పట్టాభిషేకం ఇంకెక్కడా జరగలేదేమో. ఢిల్లీలో తెలుగు పిల్లలకు బడి ఉండాలని దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించినదీ ఆ 1948లోనే. ఈ రెంటికీ చుట్టరికం లేదు, అయినా నేను ఈ రెంటినీ కలిపే తలుచుకుంటాను.

1959కి వయోజనులందరికీ ఓటు వచ్చింది. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం. దండి యాత్ర మొదలైన తేదీ అది. గాంధీ 1901లో దక్షిణాఫ్రికా నుంచి తిరిగొస్తూ మారిషస్‌లో కొన్నాళ్లు ఆగి, పిల్లలను చదివించుకోండి, రాజకీయాల్లోకి రండి అని చెప్పివెళ్లారు. ఆ ఋణం తీర్చుకున్నట్టు ఆ తేదీని ఎంచుకున్నారు. 1992లో గణతంత్రమైందీ మార్చి 12నే. మొదటి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్ బీహార్ భోజ్‌పూర్ సీమ నుంచి వచ్చిన కూలీ కొడుకు. 1961లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త, తరవాత నోబెల్ అందుకున్నవాడు, ఈ దీవికి చెరకొక్కటే దిక్కు, జనం ఎక్కువ, భవిష్యత్తు కష్టం అని లెక్కగట్టాడు. ఆ దేశం చెరకు పక్కన బట్టల మిల్లులు పెట్టింది, హోటళ్లు కట్టింది, బ్యాంకులు తెరిచింది. హైస్కూలు చదువును 1977 నుంచి అందరికీ ఉచితం చేసింది. సైన్యం మీద పెట్టే డబ్బు మిగిలింది, ఎందుకంటే సైన్యమే లేదు.

పాలన తీరు చూడండి. శాసనసభకు జనం ఎన్నుకునేది 62 మందిని. రోడ్రిగ్స్‌కు ఇద్దరు, ప్రధాన దీవిలోని ఇరవై నియోజకవర్గాలకు తలా ముగ్గురు. ఏ వర్గానికైనా సభలో చోటు తక్కువైందనిపిస్తే, ఓడినవాళ్లలో మెరుగైన ఓట్లు వచ్చినవాళ్లను ఎనిమిది మంది దాకా చేర్చుకోవచ్చు. ఇందుకోసం అభ్యర్థి తన వర్గం ఏదో చెప్పుకోవాల్సి రావడం సరికాదని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2012లో అంది. ఆ అభ్యంతరం న్యాయమైనదే. కానీ ఓడినవాడికీ ఒక కుర్చీ వేయాలన్న ఆలోచన రాజ్యాంగంలోకి ఎక్కిన దేశాలు ఎన్ని? 1982లో రామ్‌గులామ్ పార్టీ ప్రధాన దీవిలోని అరవై స్థానాలూ పోగొట్టుకుంది, ఆయనా ఓడారు. గద్దె మీద ఉన్నవాళ్లు దిగారు, గెలిచినవాళ్లు ఎక్కారు. మరుసటి ఏడాది ఆఖరుకు, ఆయనను ఓడించిన అనిరుధ్ జగన్నాథ్ ప్రధానిగా ఉండగానే, ఆ పెద్దాయన గవర్నర్ జనరల్ అయ్యారు. 2024 నవంబరులోనూ ప్రతిపక్షం 62లో 60 గెలిచింది, మళ్లీ అంతే ప్రశాంతంగా తాళాలు చేతులు మారాయి.

గాయాలు లేవని కాదు. స్వాతంత్ర్యానికి రెండు నెలల ముందు పోర్ట్ లూయీలో వర్గాలు కొట్టుకున్నాయి. బానిసల వారసులకు ఈ సంపదలో దక్కిన వాటా ఇప్పటికీ చాలదు. 1965లో చాగోస్ దీవులను బ్రిటన్ విడదీసుకుంది, అక్కడి జనాన్ని పెళ్లగించి పోర్ట్ లూయీ మురికివాడల్లో దించింది. ఆ పాపం మీద ఈ చిన్న దేశం పోరు మానలేదు. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విడదీత చట్టసమ్మతం కాదని తేల్చింది. ఒకనాటి ఏలికను న్యాయస్థానం ముందు నిలదీసి నెగ్గింది ఇంతటి చిన్న దేశం.

తెలుగు సంగతికి వస్తే, మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో తెలుగు బోధన ఉంది, ప్రాథమిక బడుల్లోనూ తెలుగు మాస్టార్లున్నారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఆ గాంధీ సంస్థలోనే కూలీల రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి, ఫోటోలతో సహా. సంఖ్య దొరికితే ముత్తాత ఏ తాలూకా నుంచి, ఏ ఓడలో వచ్చాడో తెలుస్తుంది. ఢిల్లీకి వచ్చి రెండు తరాలైన మాలాంటి ఇళ్లలో ముత్తాత పేరు అడిగితే చాలామంది తడుముకుంటాం. సముద్రం దాటినవాళ్లకు మాత్రం ఆయన ముఖం కూడా దొరుకుతోంది. ఇది చూసి నాకు వాళ్లంటే ప్రేమా, కొంచెం అసూయా కలుగుతాయి.

2020 జులై 25న వాకాషియో అనే ఓడ ఆగ్నేయ తీరాన పగడాల దిబ్బకెక్కింది. కొద్దిరోజులకే నల్లటి నూనె ఆ లేత ఆకుపచ్చ నీళ్లలోకి కారింది. జనం ఎవరి కోసమూ ఆగలేదు. ఎండు చెరకాకు మోపులుగా తెచ్చి, గుడ్డ సంచుల్లో కూరి, కుట్టి, బారులుగా నీటి మీద తేలేసి నూనెకు అడ్డుకట్ట కట్టారు. జుట్టు కత్తిరించి ఇచ్చినవాళ్లున్నారు. క్రియోల్ జాలరులు, హిందూ ఇల్లాళ్లు, ముస్లిం కుర్రాళ్లు, చైనా దుకాణదారులు ఒకే తీరాన కూర్చుని కుట్టారు. వాళ్లలో అప్పన్నలూ నాయుడులూ కూడా ఉన్నారు. తాతల వీపు విరిచిన పంట ఆకుతోనే మనవలు తమ సముద్రాన్ని కాపాడుకున్నారు.