ఇంకొకరి చేతి పువ్వు

ఎక్కడో హైదరాబాదులో ఉన్నవాళ్లు ఫోనులో డబ్బు కట్టి, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి ఇక్కడి పూలకొట్టు ద్వారా మాల పంపిస్తే అది వాళ్ల పూజే అవుతుందా? అవుతుందనే నా వాదన. గుడికి స్వయంగా వెళ్లినా గోత్రనామాలు చెప్పి పూలు అర్చకుడి చేతికిస్తాం, ఆయనే సమర్పిస్తాడు. చేయి మారడం అర్చనలో ముందునుంచీ ఉన్నదే. భగవద్గీత 9వ అధ్యాయం 26వ శ్లోకం కూడా ఆకుకైనా పువ్వుకైనా భక్తినే షరతుగా పెట్టింది, దూరం ఊసెత్తలేదు. మోపిదేవికి దగ్గర్లోని శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి రాయమన్నాడని కృష్ణదేవరాయలు చెప్పుకున్న ఆముక్తమాల్యదనే చూడండి: విష్ణుచిత్తుడు స్వామికోసం కట్టిన మాలను ఆయన కూతురు గోదాదేవి ముందే ముడుచుకుంటుంది. ఆచారం లెక్కన అది పనికిరాని మాల; స్వామికి నచ్చింది అదే.

పూలు కోసి, దారానికి కట్టే శ్రమే కదా భక్తి అనవచ్చు. నిజమే, విష్ణుచిత్తుడి గొప్పంతా ఆ శ్రమలోనే ఉంది. కానీ పెరడు లేనివాడు, మంచం పట్టినవాడు ఏం చేయాలి? నాకు గట్టిగా తోచే అభ్యంతరం వేరు. వాడిన పువ్వు, వాసన చూసిన పువ్వు పూజకు పనికిరావంటారు. పంపినవాడికేమో ఆ పువ్వు కంటికే కనిపించదు. నియమం పాటించే భారమంతా మాల కట్టే మనిషి మీద పడుతుంది. అలాంటప్పుడు ఆ మనిషి వట్టి అమ్మకందారు కాదు, పూజలో భాగస్వామి. సంకల్పం మాత్రం ఎవరికీ అప్పగించేది కాదు. అందుకే మూర పూల దగ్గర బేరమాడకండి. మాల గుడికి చేరే వేళకు, ఎక్కడున్నా, ఒక్క నిమిషం స్వామిని తలుచుకోండి.