నెత్తురిచ్చినవారి వాటా

మెదడు పదార్థమేననీ, ఆ పదార్థం చెడితే మనిషి గుణమే మారిపోతుందనీ అంటే ఆధ్యాత్మికవాదులకు కష్టంగా వుంటుంది. ఆ వాదంలో నేను భౌతికవాదుల పక్షమే. అయితే యీ జ్ఞానం ఎవరి నెత్తురునుంచి వచ్చిందని మనవాళ్లు కూడా అడగటం లేదు.

హంటింగ్టన్ వ్యాధినే తీసుకుందాం. సాధారణంగా నడివయసులో కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పుతాయి. క్రమంగా స్వభావం మారుతుంది, తెలివి తప్పుతుంది, చివరకు చావు. తల్లిదండ్రులలో ఒకరికి వుంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. నాలుగవ క్రోమోజోము మీది ఒక జన్యువులో సి.ఎ.జి. అనే మూడక్షరాల గుంపు వరసగా 40 సార్లో, అంతకు మించో పడితే రోగం దాదాపు తప్పదు. పునరుక్తిని కావ్యదోషంగా పాఠం చెప్పే నాబోటివారికి అది ప్రాణాంతకం కూడా కావటం వింతే.

వెనిజులాలో మారకైబో సరస్సు వొడ్డున, చేపలు పట్టి బతికే పేద కుటుంబాల్లో యీ వ్యాధి విపరీతం. నాన్సీ వెక్స్‌లర్ బృందం ఏటేటా వెళ్లి వారి వంశవృక్షాలు రాసింది, నెత్తురు సేకరించింది. 1983లో జన్యువు వున్న చోటూ, 1993లో జన్యువూ దొరికాయి. వెక్స్‌లర్ తల్లి ఆ వ్యాధితోనే పోయింది. తనకూ వచ్చిందని ఆమె 2020లో వెల్లడించింది. కనుక ఆమె చిత్తశుద్ధిని శంకించను. నా ప్రశ్న వ్యక్తుల గురించి కాదు, సంబంధాల గురించి.

అది దానమనీ, దానానికి ప్రతిఫలమేమిటనీ కొందరంటారు. బిడ్డలు బాగుపడతారన్న ఆశతో యిచ్చినదాన్ని దానమనటం ఎవరికి లాభం? అదురును తగ్గించే టెట్రాబెనజీన్‌కు అమెరికా 2008లో అనుమతి యిచ్చింది. జబ్బునే ఆపే మందు కోసం ప్రయోగాలు సాగుతున్నాయి. అది వస్తే మొదటి విడతలోనే, ఉచితంగా, ఆ సరస్సు వొడ్డుకు చేరాలి. ఆ షరతును నెత్తురు తీసే రోజునే కాగితం మీద పెట్టాలి.