ప్రారబ్ధం నాది, చేసిన పని వాళ్లది

ఒకరి ఉద్యోగం పోయిందని తెలిస్తే చాలు, మన ఇళ్లలో వేదాంతానికి కరువుండదు. నా ఉద్యోగం పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లు తలా ఒక మాట చెప్పి, కాఫీ తాగి వెళ్లారు. "ఏది జరిగినా మన మంచికేనే" అంది మేనత్త. "నారు పోసినవాడు నీరు పోయడా" అన్నారు పక్కింటి బాబాయిగారు. మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారు, లోకం తెలిసిన మనిషి. "కోర్టుకెళితే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు, ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు. వదిలెయ్యమ్మా, నీ ప్రారబ్ధం అనుకో" అన్నారు.

ఆ చివరి మాటే నాకు మింగుడు పడలేదు. ప్రారబ్ధం మీద నాకు నమ్మకం లేక కాదు. నమ్మేదాన్ని కాబట్టే అడుగుతున్నాను: జరిగింది నా ప్రారబ్ధమే అయితే, చేసినవాళ్ల పని దేని కిందికి వస్తుంది?

జరిగింది ఇది. హైదరాబాద్‌లో మందులు సరఫరా చేసే ఒక సంస్థలో పదేళ్లకు పైగా అకౌంట్స్ చూశాను. ఆర్థిక సంవత్సరం ముగింపు దగ్గరపడగానే పాత తేదీలతో కొన్ని కొనుగోలు బిల్లులు ఎక్కించమన్నారు. ఆ సరుకు గోడౌన్ గడప తొక్కలేదు. ఇన్‌వార్డ్ రిజిస్టర్‌లో ఎంట్రీ లేదు, ఈ-వే బిల్లు లేదు. అలాంటి బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవడం నా చేత కాదన్నాను. అక్కణ్ణుంచి మొదలైంది. ముందు ట్యాలీ పాస్‌వర్డ్ పోయింది, తర్వాత సీటు మారింది, ఆ తర్వాత హెచ్‌ఆర్ గదిలోకి పిలుపు వచ్చింది. టేబుల్ మీద నా పేరుతో టైపు చేసిన రాజీనామా లేఖ సిద్ధంగా ఉంది. "సంతకం పెట్టండి మేడమ్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ మంచిగా ఇస్తాం. లేదంటే పెర్ఫార్మెన్స్ బాలేదని తీసెయ్యాల్సొస్తది." లేఖలో 'వ్యక్తిగత కారణాల వల్ల' అని ఉంది. ఆ కారణాలేమిటో నాకే తెలియదు. పెట్టలేదు. కొద్దిరోజులకే మీ సేవలు ఇక అక్కర్లేదని మెయిల్ వచ్చింది. నోటీసు లేదు, దాని బదులు జీతమూ లేదు.

మనవాళ్లు కర్మను మూడుగా చెప్పారు. పోగుపడింది సంచితం, అందులో ఇప్పుడు అనుభవిస్తున్నది ప్రారబ్ధం, ఇవాళ చేస్తూ కొత్తగా కూడబెట్టుకునేది ఆగామి. అకౌంటెంటుని కదా, నాకు ఇది రెండు పద్దుల లెక్కలాగే కనిపిస్తుంది. నా పుస్తకంలో ప్రారబ్ధంగా పడిన ఎంట్రీ, చేసినవాడి పుస్తకంలో ఆగామిగా పడాల్సిందే. ఒక వైపు మాత్రమే రాసి పుస్తకం మూసేస్తే ఏ ఆడిటరూ ఒప్పుకోడు. 'నీ ప్రారబ్ధం' అనేవాళ్లు చేస్తున్నది సరిగ్గా అదే. యోగవాసిష్ఠంలో ముముక్షు వ్యవహార ప్రకరణంలో కొన్ని సర్గలు దీని గురించే. దైవమని మనం అనేది నిన్నటి మన ప్రయత్నమే, ఇవాళ గట్టిగా ప్రయత్నిస్తే దాన్ని దాటొచ్చు అని వసిష్ఠుడు రాముడికి నచ్చజెబుతాడు. అలాంటప్పుడు నన్ను తీసేసినందుకు అప్పీలు వేయడం కర్మ సిద్ధాంతానికి విరుద్ధం ఎలా అవుతుంది?

ఇక రెండో సలహా: ఫలం మీద ఆశ వదులుకో అని. గీత రెండో అధ్యాయం చదివినవాళ్లకు ఒకటి గుర్తుండాలి. బిచ్చమెత్తుకుని బతకడం మేలు, ఈ యుద్ధం నాకొద్దన్నది అర్జునుడు. కృష్ణుడు దానికి ఒప్పుకోలేదు. ఆశ వదలమన్నాడు గానీ పని వదలమనలేదు. అంతకుముందు అదే కృష్ణుడు పాండవుల తరఫున రాయబారం వెళ్లాడు. అయిదూళ్లిచ్చినా చాలన్నంత దాకా దిగివచ్చారు వాళ్లు. రాజీకి ప్రయత్నించడం, కుదరకపోతే హక్కు కోసం నిలబడటం, రెండూ ధర్మంలో ఉన్నవే.

భారతంలో కొలువు పోగొట్టుకున్న మనిషి విదురుడు. పాండవులు అడవికి వెళ్లాక ధృతరాష్ట్రుడు సలహా అడిగితే, వాళ్ల రాజ్యం వాళ్లకిచ్చెయ్ అన్నాడు. రాజుకు కోపం వచ్చింది, నీ ఇష్టమొచ్చిన చోటికి పొమ్మన్నాడు. విదురుడు కామ్యకవనంలో పాండవుల దగ్గరికి వెళ్లాడు. తర్వాత రాజే ఉండలేక సంజయుణ్ణి పంపి పిలిపించుకుని, క్షమించమన్నాడు. విదురుడు తిరిగి వచ్చాడు. భాగవతం తృతీయ స్కంధంలో ఇంకోలా ఉంటుంది. దుర్యోధనుడు నిండుసభలో తిట్టి వెళ్లగొట్టమంటే, విల్లు వాకిట్లో పెట్టి తీర్థయాత్రలకు వెళ్లిపోయాడు. ఒకసారి తిరిగి చేరాడు, ఒకసారి వెనక్కి చూడలేదు. రెండుసార్లూ చెప్పిన మాట మాత్రం మార్చుకోలేదు. 'వ్యక్తిగత కారణాల వల్ల వెళుతున్నాను' అని ఎక్కడా అనలేదు.

జీతం డబ్బుల కోసం కొట్లాడటం అత్యాశ అనేవాళ్లూ ఉన్నారు. మనుస్మృతి రాజు తీర్చాల్సిన తగాదాలను 18 రకాలుగా విభజించింది, జీతం ఇవ్వకపోవడం అందులో ఒకటి. మా గోడౌన్ చూసే భాయ్‌కి విషయం తెలిసి ఫోన్ చేశాడు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమని ప్రవక్త చెప్పారు మేడమ్, అడగండి అన్నాడు. ఓదార్పులన్నిటిలో నాకు ధైర్యమిచ్చింది ఆ మాటే.

చట్టం కూడా అదే చెబుతోంది. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలు ఏకధాటిగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీసెయ్యకూడదు. అయిదేళ్లు దాటితే ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. అన్యాయంగా తొలగించారని తేలి ఉద్యోగం తిరిగి ఇప్పించినప్పుడు, మధ్య కాలపు జీతం ఇవ్వడమే మామూలు నియమమని 2013లో మహారాష్ట్ర ఉపాధ్యాయురాలి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు చిక్కు చట్టంలో లేదు, నా కోపంలో ఉంది. లాయరుగారికి నేను రాసిచ్చిన కాగితాల్లో సగం తిట్లే. ఆవిడ ఎర్ర పెన్ను తీసుకుని 'దుర్మార్గంగా', 'కక్షతో', 'నమ్మకద్రోహం' అన్నీ వరసగా కొట్టేశారు. "మీ బాధ వద్దమ్మా, జరిగింది రాయండి. ఏ రోజు, ఎవరు, ఏ కాగితం, అంతే" అన్నారు. తిరగరాస్తుంటే చెయ్యి వణికింది. రాయడం పూర్తయ్యేసరికి మిగిలింది తేదీలు, బిల్లు నంబర్లు, ఆ మెయిల్. నా పగ తీసేసినా నా వాదన ఎక్కడా పలచబడలేదు. ఏళ్ల తరబడి పారాయణంలో నాకు పట్టుబడని నిష్కామం ఎలా ఉంటుందో ఆ మధ్యాహ్నం కొంత తెలిసింది.

మరి క్షమ? క్షమిస్తాను. కానీ పుస్తకంలో ఎక్కించని బాకీని రైటాఫ్ చెయ్యలేం. ముందు తప్పు జరిగిందని రాసి ఉండాలి, ఆ తర్వాతే మాఫీ. అందుకే అప్పీలు వేశాను. గెలుస్తానో లేదో నా చేతిలో లేదు.

రేపు మీ ముందు ఎవరైనా అలాంటి కాగితం పెడితే అప్పటికప్పుడు సంతకం చెయ్యకండి. ఇంట్లో మాట్లాడి చెబుతానని లేచి వచ్చెయ్యండి. అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు, మెయిళ్లు దాచుకోండి. పోరాడాలా మానాలా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి మీరే తేల్చుకోవాలి. పిల్లల ఫీజులు, ఇంటి ఈఎంఐ ఉన్నవాళ్లు మానుకున్నా తప్పు లేదు. మానుకుంటే అది మీ నిర్ణయమని ఒప్పుకోండి, దేవుడి మీదకు నెట్టకండి.