ప్రాణరక్షణకై స్మృతిని హరింపవచ్చునా?

కాలమును దాటి పోయిన కథలు మనవారికి క్రొత్తవి కావు. తన కుమార్తెయైన రేవతికి తగిన వరుని నిర్ణయింపుమని యడుగుటకై కకుద్మి మహారాజు ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు పోయెను. అక్కడ గానము జరుగుచుండగా క్షణకాలము వేచియుండెను. ఆ క్షణములో భూలోకమున 27 చతుర్యుగములు గడచిపోయినవని భాగవతము చెప్పుచున్నది. యోగవాసిష్ఠములోని లవణ మహారాజు ఒక ఇంద్రజాలికుని మాయచే, కొలువులో కూర్చున్నవాడు కూర్చున్నట్లే యుండి, కొద్దిసేపటిలో వేరొక బ్రదుకంతయు బ్రదికి వచ్చెను. మన పూర్వులు దైవమహిమతోను, మాయతోను జరిపించిన పనిని 1895లో ఎచ్.జి. వెల్స్ అను ఆంగ్ల రచయిత యంత్రముతో జరిపించెను. నేటి టెలివిజను కథలు ఆ మార్గముననే నడుచుచున్నవి.

మా యింటి పిల్లలు ఈ కథలను చూచుటతో తృప్తినొందరు. చూచిన పిదప గంటలకొలది వాదించుకొందురు. మొదట మేము వానిని ప్రొద్దుపుచ్చు మాటలుగా నెంచితిమి. ఒకనాడు చెవియొగ్గి వినగా, వారు తర్కించుచున్నది యంత్రమును గూర్చి కాదనియు, ధర్మమును గూర్చి యనియు తెలిసినది. వారి ప్రశ్న యిది: ఒకరి ప్రాణమును కాపాడుటకై, వారు వలదని వేడుచుండగా, వారి జ్ఞాపకమును తీసివేయు అధికారము మఱియొకరికి కలదా?

ఈ వాదమునకు మూలమైన కథను ముందుగా చెప్పవలెను. బి.బి.సి. వారు 1963 నవంబరు 23న ప్రారంభించిన ‘డాక్టర్ హూ’ అను కథామాలికలో నాయకుడు మానవుడు కాడు. అతడు కాలమునందు యథేచ్ఛగా సంచరింపగల జాతివాడు. అతనిని డాక్టరని పిలుతురు. 2008లో అతని వెంట డోనా నోబుల్ అను లండను స్త్రీ తిరిగెను. ఆమె తాత్కాలికపు గుమాస్తా పనులు చేసికొనుచు, తాను దేనికిని కొరగానిదానినని తలచుకొను మనిషి. లోకములు తిరిగి, పరుల దుఃఖమును చూచి, ఆపదలో నిలిచి, ఆమె క్రమముగా ధీరురాలయ్యెను. తుదకు డాక్టరు బుద్ధిశక్తి ఆమె మనస్సులో ప్రవేశించెను. మానవుల మెదడు దానిని మోయలేదు. మోసినచో మరణము తప్పదు. అప్పుడు డాక్టరు తనతో గడపిన కాలపు స్మృతి నంతటిని ఆమెనుండి తీసివేసెను. వలదని ఆమె ప్రాధేయపడినను వినలేదు. ఇంటికి చేర్చి, ఆమెకు ఒక్క మాటయైనను గుర్తు చేయరాదని, చేసినచో ఆమె మరణించునని తల్లికిని తాతకును చెప్పి వెడలిపోయెను. మేల్కొన్న డోనా మునుపటివలెనే ఫోనులో లోకాభిరామాయణము మాటలాడుకొనుచుండెను. ఆమె ప్రాణము నిలిచినది. కాని ధైర్యమును సంపాదించుకొన్న ఆ స్త్రీ నిలిచినదా?

డాక్టరు చేసినది తగునను వారి వాదము బలహీనమైనది కాదు. ప్రాణమున్నచో జ్ఞాపకములు మరల చేరును. ప్రాణమే పోయినచో జ్ఞాపకము ఎవరికి? స్పృహలేని రోగికి వైద్యుడు అనుమతికై వేచియుండక శస్త్రచికిత్స చేయును గదా! దానికి ప్రతిపక్షులు, ఆ రోగి మాటలాడలేని స్థితిలో నున్నాడనియు, డోనా మాటలాడినదనియు, ఆ మాట వలదనియే యనియు బదులు చెప్పుదురు. ఆమె మాటకు విలువ లేకున్నచో, అంతవఱకు ఆమెను సఖిగా నెంచుటకు అర్థమేమి?

మాకు ఈ ఘట్టములో మిక్కిలి బాధ కలిగించినది ఆమె తాత. రాత్రివేళ దూరదర్శినితో నక్షత్రములను చూచుచు, మనుమరాలి సాహసములను విని పొంగిపోయిన వృద్ధుడాతడు. ఇకమీదట అన్నియు ఎరిగియుండి, ఆమె యెదుట నోరు మెదపరాదు. కాళిదాసు శాకుంతలములోను ఇట్టి న్యాయమే కలదు. దుర్వాసుని శాపమున దుష్యంతుడు శకుంతలను మఱచెను. మఱచినంత కాలము అతడు సుఖముగనే యుండెను. జ్ఞాపకమున్న శకుంతలయే నిండుసభలో అవమానపడెను. ఉంగరము దొరకిన పిదపగాని రాజునకు తాను పోగొట్టుకొన్నదేదో తెలియలేదు. స్మృతిహరణములోని విచిత్రమైన అన్యాయ మిదియే. సొమ్ము పోయినవాడు దొంగను తిట్టుకొనగలడు. జ్ఞాపకము పోయినవానికి, పోయినదను జ్ఞానము గూడ మిగులదు.

ఆ కథామాలికను వ్రాయువారు ఈ ప్రశ్నను అక్కడితో విడువలేదు. 2015లో వచ్చిన ‘హెల్ బెంట్’ అను కథలో డాక్టరు క్లారా అను మఱియొక సఖిని మరణపు టంచునుండి లాగి, ఆమె క్షేమమునకై తననుగూర్చిన స్మృతిని చెరిపివేయ సంకల్పించెను. ఈమారు ఆ స్త్రీ ముందుగనే తెలిసికొని, తన గతము తనదేయని, దానిని తీసికొనుట కెవ్వరికిని హక్కు లేదని ఎదిరించినది. తుదకు ఎవరి స్మృతి పోవునో తెలియకయే ఇరువురును కలసి ఆ యంత్రమును నొక్కిరి. పోయినది డాక్టరు జ్ఞాపకము. అతడు ఒక ఫలాహారశాలలో క్లారా యెదుటనే కూర్చుండి, ఆమెయని గుర్తింపలేక, ఆమె కథనే ఆమెకు చెప్పును. మునుపు తాను పరులకు చేసినదేదో అతడిట్లు తన యందే యనుభవించెను.

ఇంతవఱకు హరించుటను గూర్చి చెప్పితిమి. ఇచ్చుటయందును ధర్మసంకటము లేకపోలేదు. అమెరికాలో తీసిన ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’ అను మాలికలో 1992లో ‘ది ఇన్నర్ లైట్’ అను కథ వచ్చెను, 1993లో దానికి హ్యూగో బహుమతి లభించెను. నౌకానాయకుడైన పికార్డు ఎక్కడనుండియో వచ్చిన ఒక గగనపేటికచే మూర్ఛిల్లి, సుమారు 25 నిమిషములలో వేరొక లోకమున ఒక జీవితకాలము గడపును. పెండ్లియాడును, బిడ్డలను కనును, పిల్లనగ్రోవి నేర్చుకొనును, ముదుసలియగును. ఆ లోకము వేయి సంవత్సరములకు పూర్వమే నశించినది. తమ్మెవరైనను తలచుకొనవలెనని అచ్చటి ప్రజలు తమ స్మృతిని ఆ పేటికలో నుంచి పంపిరి. వారును పికార్డును అడుగలేదు. ఇది మాత్రము బలాత్కారము కాదా యని మా పిల్లలలో నొకడు ప్రశ్నించెను. ప్రశ్న న్యాయమైనదే. కాని యొక భేదము కలదు. మేల్కొన్న పికార్డు చేతికి ఆ పేటికలో దొరకిన పిల్లనగ్రోవిని ఇచ్చిరి. దానిని ఊదుటయో, మూల పెట్టుటయో అతని యిచ్ఛ. పొందినవాడు తూచి చూచుకొనగలడు. పోగొట్టుకొన్నవానికి తూచుటకేమియు లేదు.

ఈ కథలు మన బ్రదుకునకు దూరమైనవని చదువరులు తలంపరాదు. మనలో కొందరి పూర్వులు విజయనగరము, మధుర నాయకుల కాలములలో దక్షిణమునకు వలసపోయిరి. కొందరు కదలకయే యుండగా, 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పటివలె, సరిహద్దులే కదలినవి. ఎట్లైనను, ఇంట నొక భాష, బడిలో నొక భాషగా తరములు గడచినవి. పిల్లవాడు బడిలో వెనుకబడునేమోయని, తోటివారు నవ్వుదురేమోయని, తెలుగక్షరములు నేర్పుట మానుకొన్న తల్లిదండ్రులు మనలో నెందఱో! వారికి ప్రేమ కొఱత యని యెవ్వరనగలరు? డాక్టరునకును ప్రేమ కొఱత లేదు.

మా పెద్దకుమారునికి మేమును అట్లే చేసితిమి. వాడు ఉద్యోగస్థుడైన పిదప, ఒకనాడు పాతపెట్టెలో తన నాయనమ్మ వ్రాసిన ఉత్తరముల కట్ట దొరకగా, దానిని పట్టుకొని వచ్చి చదివి వినిపింపుమని మమ్మడిగెను. ఆ యుత్తరములలో సగము వానిని గూర్చినవే. వాడు మమ్ము నిందింపలేదు. నిందించినచో మాకు కొంత యూరట కలిగెడిది. తననుండి ఏమి తీసికొనబడినదో యెరుగనివాడు దేనికై నిందించును? ఆనాడు డోనా తల్లియు తాతయు మోసిన మౌనమెట్టిదో మాకు బోధపడినది.

అట్లని మఱియొక తప్పునకు పోరాదు. మన స్మృతిని బిడ్డల నెత్తిపై బరువుగా మోపి, ఇది మోయనివాడు మావాడు కాడనుటయు బలాత్కారమే. వారున్న నేల భాష వారికి పరాయిది కాదు. అదియు వారి సొత్తే.

డోనా కథకు 2023 నవంబరు 25న ప్రసారమైన ‘ద స్టార్ బీస్ట్’లో ముగింపు వచ్చెను. ఆమెకు అన్నియు జ్ఞప్తికి వచ్చినవి, అయినను మరణింపలేదు. ఆ మహాశక్తిలో కొంత పుట్టుకతోడనే ఆమె కుమార్తెకు సంక్రమించియుండెను. ఒక్కరిని చంపగల భారము ఇద్దరు పంచుకొనగా మోయదగినదయ్యెను. చిక్కుముడిని మిక్కిలి సులువుగా విప్పిరని సణుగుకొన్న అభిమానులును కలరు. కథానిర్మాణ దృష్టితో అది నిజమే కావచ్చును. నీతిదృష్టితో మాకది సరియైన సమాధానముగనే తోచినది.

ఆ అభిమానులు చేసిన యొక పని మనకు ఆదర్శప్రాయము. 1960వ దశకమునాటి ‘డాక్టర్ హూ’ చిత్రముద్రణలను పెక్కింటిని బి.బి.సి. వారు అనంతరము చెరిపివేసిరి. చిత్రము దొరకని భాగములకు గూడ ధ్వని మాత్రము నిలిచియున్నది. ప్రసారసమయమున తమ యిండ్లలో టేపురికార్డరులు పెట్టి శబ్దమును పట్టుకొన్న బాలురు, యువకులే దానికి కారణము. వారిని ఎవ్వరును ఆజ్ఞాపింపలేదు. వారు ఎవ్వరిని నిర్బంధింపలేదు. దాచియుంచిరి, అడిగినవారికి ఇచ్చిరి.

మనము చేయదగినదియు అంతియే. ఉత్తరములను పారవేయకుందము. అక్షరములను అందుబాటులో నుంచుదము. పిల్లనగ్రోవిని బిడ్డ చేతికందు చోట పెట్టుదము. ఊదుటయో మానుటయో వారు నిర్ణయించుకొందురు గాక. వారి పక్షమున, వారిని అడుగకయే, మనము నిర్ణయింపకుందము.