పిట్టగోడ లేని మిద్దె

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, ఆదికాండము 2:15, 4:9



మోషే ధర్మశాస్త్రములోని గొప్ప ఆజ్ఞల నడుమ చిన్న ఆజ్ఞ యొకటి కలదు. క్రొత్త యిల్లు కట్టుకొనువాడు దాని మిద్దె చుట్టు పిట్టగోడ పెట్టింపవలెననియు, అట్లు చేయనందున ఎవడైనను అక్కడనుండి పడినయెడల ఆ రక్తదోషము ఆ యింటిమీదికి వచ్చుననియు దాని భావము. ఆ దేశములో మిద్దెలు చదునుగా నుండెను. రాహాబు వేగులవారిని దాచినది మిద్దెమీదనే. పేతురు ప్రార్థన చేయుటకు ఎక్కినది మిద్దెమీదికే. వేసవి రాత్రులలో డాబామీద పక్కలు వేసికొను మనకు ఈ ఆజ్ఞ యొక్క అవసరమును వేరుగ చెప్పనక్కరలేదు.

ఇందులో రెండు సంగతులు గమనింపుడి. మొదటిది, ఇల్లు కట్టవద్దని దేవుడు చెప్పలేదు. పిట్టగోడ లేకుండ కట్టవద్దని చెప్పెను. రెండవది, పడినవాడు చూచుకొని నడువవలసినది గదా అని ధర్మశాస్త్రము అడుగలేదు. కట్టినవానినే అడిగెను.

ఈ దినములలో మన చేతులలో సెల్‌ఫోను ఉన్నది, బ్యాంకు ఉన్నది, ఆధార్ ఉన్నది. వీటిని మనము చేయలేదు. ఇవి పనిచేయు విధము మనలో అనేకులకు తెలియదు. మనము చేయని వస్తువువలన మనము చూడని మనుష్యునికి కీడు కలిగినయెడల, ఆ దోషము ఎవరిది? ఈ ప్రశ్నను వాక్యపు వెలుగులో పరిశీలింతము.

1. వ్రేలిముద్ర

బ్యాంకు దూరముగా నున్న గ్రామములలో ఆధార్ చెల్లింపు పద్ధతి మేలు చేసినదనుటకు సందేహము లేదు. బ్యాంకు మిత్ర చిన్న యంత్రమును తెచ్చి అరుగుమీద కూర్చుండును. అవ్వ వ్రేలు పెట్టును. ఉపాధి హామీ కూలి సొమ్ము చేతికి వచ్చును. బస్సు ఎక్కనక్కరలేదు, సంతకము నేర్వనక్కరలేదు. ఇది మంచి మిద్దెయే. అయితే పిట్టగోడ ఏది?

భూమి అమ్మినప్పుడును కొన్నప్పుడును మన వ్రేలిముద్రలు దస్తావేజుమీద పడును. అట్టి దస్తావేజుల ప్రతులు ఇంటర్నెట్టులో పరులకు అందునట్లు ఉంచబడిన కాలము ఒకటి యుండెను. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డుల వర్తకుడొకడు ఆ ప్రతులనుండి ముద్రలను తీసి, రబ్బరువంటి పదార్థముతో నకలు వ్రేళ్లు చేసి, పరుల పేర వేలకొలది సిమ్ కార్డులను పనిచేయించెనని పోలీసులు కనుగొనిరి. తరువాత వచ్చిన దొంగలు అదే ఉపాయముతో పేదల ఖాతాలలోని సొమ్మును తీసికొనిరి.

ఈ సంగతి విన్నప్పుడు వృద్ధుడైన ఇస్సాకు జ్ఞాపకమునకు రావలెను. కన్నులు మందగించిన తండ్రియొద్దకు యాకోబు మేకపిల్లల చర్మమును చేతులకు కప్పుకొని వచ్చెను. స్వరము ఒకనిది, చేతులు మరొకనివి అని తండ్రికి అనుమానము కలిగినను, చేతులనే నమ్మెను (ఆది. 27). నేటి యంత్రమును అట్టిదే. దానికి మనుష్యుడు కనబడడు. దానికి తగిలిన వ్రేలు చాలును. అంతేకాదు, ఇప్పుడు స్వరమును గూడ యంత్రముతో అనుకరింపవచ్చును. కుమారుని గొంతుతో తల్లికి ఫోను వచ్చి, ప్రమాదములో నున్నాను, వెంటనే సొమ్ము పంపుమని అడుగవచ్చును. ఇస్సాకునకు మిగిలిన ఆ యొక్క అనుమానమును గూడ దొంగలు మనకు లేకుండ చేయుచున్నారు.

యిర్మీయా ప్రవక్త అనాతోతులో పొలము కొన్నప్పుడు, క్రయపత్రములు బహుదినములు చెడక యుండునట్లు వాటిని మంటికుండలో దాచుమని బారూకునకు ఆజ్ఞాపించెను (యిర్మీయా 32). దేవుని ప్రవక్తకు దస్తావేజును దాచుట చిన్న పనిగా తోచలేదు. కావున మన పత్రములను దాచవలసిన కచేరీలు వాటిని చక్కగా దాచవలెనని అడుగుట అవిధేయత కాదు, న్యాయమును వెదకుటయే. మన వంతు పనియు కలదు. ఆధార్ యాప్ ద్వారా మన వ్రేలిముద్రలకు తాళము వేసికొని, అవసరమైనప్పుడు తీసికొనవచ్చును. చదువుకొన్న యౌవనస్థులు సంఘములోని వృద్ధులకు ఈ సాయము చేయుదురు గాక. ఆధార్ జిరాక్సు ప్రతులు అంగడిలో పొట్లములు కట్టు కాగితములలో కలియకుండ చూచుకొనవలెను. సంఘ కాపరులును పెద్దలును తమ యొద్దనున్న సభ్యుల పట్టీలను, ఫోను సంఖ్యలను, పత్రముల ప్రతులను పరుల కంటబడనీయరాదు. అవి మందకు సంబంధించినవి. మందను కాచువాడు వాటిని గూడ కాయవలెను.

2. పడినవానిని నిందించుట

2024లో మన దేశ ప్రజలు సైబరు మోసములవలన పోగొట్టుకొన్నది 22,800 కోట్ల రూపాయలకు పైగా నని 2025లో పార్లమెంటునకు తెలుపబడెను. ఈ మోసములలో డిజిటల్ అరెస్టు అనునది మిక్కిలి క్రూరమైనది. పోలీసు దుస్తులు ధరించినవాడు వీడియోలో కనబడి, నీ పేర నేరము నమోదైనది, గది విడిచి కదలవద్దు, ఎవరితోను చెప్పవద్దు, సొమ్ము మా ఖాతాలో వేయుమని బెదిరించును. చట్టములో అట్టి అరెస్టు అనునది లేనే లేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రియే రేడియోలో చెప్పెను.

ఇది క్రొత్త పాపము కాదు. యెజెబెలు రాజు పేర తాకీదులు వ్రాసి, రాజు ముద్ర వేసి, అబద్ధసాక్షులను నిలువబెట్టి, నాబోతు ద్రాక్షతోటను అపహరించెను (1 రాజులు 21). ముద్ర నిజమైనది, తీర్పు అబద్ధము. ఉద్యోగపు దుస్తులు చూచి భయపడు మన పల్లె ప్రజలకు ఈ కథ తెలిసియుండుట మంచిది. ఎవరితోను చెప్పవద్దని ఒకడు ఆజ్ఞాపించెనా, ఆ మాటయే వాడు దొంగయనుటకు గురుతు. సత్యము వెలుగులోనికి వచ్చుటకు భయపడదు.

అయితే మేము ముఖ్యముగా చెప్పగోరునది మరియొకటి. మోసపోయినవారిని మనము ఏమి చేయుచున్నాము? ఇంత అమాయకురాలివా అని కొందరందురు. ఆశపడినందుకు తగిన శాస్తి జరిగినదని కొందరందురు. ఆశవలన పడినవారు లేకపోలేదు. సొమ్ము రెండింతలగునని నమ్మి మునిగినవారిని హెచ్చరింపవలసినదే. కాని భయమువలన పడినవారున్నారు, బిడ్డమీది ప్రేమవలన పడినవారున్నారు. యెరికో త్రోవలో దొంగలచేత కొట్టబడినవానిని చూచి, ఈ త్రోవను ఒంటరిగా ఏల వచ్చితివని సమరయుడు అడుగలేదు. దగ్గరకు పోయి గాయములు కట్టెను.

ఈ నింద వలన కలుగు నష్టము మాటలతో పోవునది కాదు. దొంగిలించిన సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు గడియలలో పారిపోవును. 1930 అను సంఖ్యకు ఫోను చేసి ఎంత త్వరగా చెప్పినయెడల అంతగా దానిని ఆపుటకు వీలు కలదు. సిగ్గుపడి రెండు దినములు నోరు మూసికొన్నయెడల ఆ వీలు పోవును. ఆ సిగ్గును పుట్టించినది మన నవ్వే. సిగ్గు దొంగకు తోడుదొంగ. కావున పడినవాడు మొదట పరుగెత్తి రావలసిన చోటు సంఘమగునట్లు మనము ఉండవలెను. అది మనము కట్టవలసిన పిట్టగోడ.

3. అవతలి గొంతు

ఇక్కడ మరియొక కష్టమైన సంగతి కలదు. మనకు ఫోను చేసి మోసగించువాడు ఎవడు? కొన్నిమార్లు వాడును చెరలో నున్నవాడే. కంప్యూటరు ఉద్యోగమని నమ్మించి మన రాష్ట్రముల యౌవనస్థులను కంబోడియాకును మయన్మారునకును కొనిపోయి, పాస్‌పోర్టులు లాగుకొని, కావలి గోడల మధ్య నుంచి, పరులను మోసగించు పనిలో పెట్టిన ముఠాలున్నవి. 2024లో విశాఖపట్టణము పోలీసులు అట్టి ముఠాను బయటపెట్టిరి. 2025 మార్చిలో మయన్మారు కేంద్రములనుండి విడిపింపబడిన 500 మందికి పైగా భారతీయులను ప్రభుత్వము విమానములలో తీసికొని వచ్చెను. వారిలో తెలుగు బిడ్డలును ఉండిరి.

ఇందువలన మోసము పాపము కాకపోదు. అయినను యోసేపును అమ్మిన వెండి నాణెముల కథ ఇంకను ముగియలేదని తెలిసికొనవలెను. ఒకవైపు అవ్వ సొమ్ము పోవుచున్నది, మరొకవైపు మరియొక అవ్వ మనుమడు చెరలో కూర్చుండి ఆ సొమ్మును లాగుచున్నాడు. ఇద్దరికొరకును ప్రార్థింపవలెను. బిడ్డలను విదేశములకు పంపునప్పుడు, పంపు ఏజెంటు ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పట్టీలో నున్నాడో లేడో మొదట విచారింపవలెను.

4. నేలమీది భారము

ఇంతవరకు మనుష్యుని గూర్చి చెప్పితిమి. ఇక నేలను గూర్చి. పాడైన ఫోనులు, తీగలు, బ్యాటరీలు, టీవీలు ఎక్కడికి పోవును? 2022లో లోకమంతట ఇట్టి చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి సంస్థలు లెక్కించెను. అందులో క్రమముగా సేకరించి మరల ఉపయోగమునకు తెచ్చినది నాలుగవ వంతునకు లోపే. మిగిలినది గుంటలలోనికిని మంటలలోనికిని పోవుచున్నది. రాగికొరకు తీగలను కాల్చువాడు ఆ పొగను పీల్చును. బ్యాటరీలోని సీసము నేలలోనికి ఇంకి, పిల్లల మెదడు ఎదుగుదలను చెరుపును. బ్యాటరీకి కావలసిన కోబాల్టులో మూడింట రెండు వంతులకు పైగా ఆఫ్రికాలోని కాంగో దేశమునుండి వచ్చును. అక్కడి గనులలో పిల్లలును పనిచేసిన సంగతి లోకమునకు తెలిసినదే. మన ఫోనుకు మన కంటికి కనబడని మొదలును తుదియు కలవు.

క్లౌడ్, అనగా మేఘము, అను మాట ఇప్పుడు పిల్లల నోటను వినబడుచున్నది. మన ఫొటోలు మేఘములో ఉన్నవందురు. అవి ఆకాశములో లేవు. నేలమీద కట్టిన పెద్ద భవనములలో, రాత్రింబవళ్లు వేడెక్కు యంత్రములలో ఉన్నవి. 2024లో లోకములో వాడబడిన విద్యుత్తులో నూటికి ఒకటిన్నర వంతు ఇట్టి డేటా కేంద్రములకే పోయెను. వాటిలో అనేకము చల్లబడుటకు నీరును కావలెను. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణమునందు అట్టి గొప్ప కేంద్రమును కట్టుదునని, అయిదు సంవత్సరములలో 1500 కోట్ల డాలర్లు పెట్టుదునని ప్రకటించెను. మన బిడ్డలకు పనులు దొరకునని అనేకులు సంతోషించుచున్నారు. ఆ నిరీక్షణను మేము తృణీకరింపము. అయితే ధర్మశాస్త్రపు ప్రశ్న అడుగక మానరాదు: నీరు ఎవరిది, భూమి ఎవరిది, వేసవిలో చెరువు ఎండినప్పుడు మొదటి కడవ ఎవరికి? మిద్దె కట్టుడి, పిట్టగోడయు కట్టుడి.

5. ఒకే పని

ఏదెను తోటలో దేవుడు నరునికి రెండు పనులు అప్పగించెను, సేద్యము చేయుటయు కాచుటయు. కయీను హేబెలును చంపిన తరువాత, తమ్ముని కావలి తన పని కాదన్నట్లు దేవునికి ఎదురు ప్రశ్న వేసెను. హెబ్రీ భాషలో తోటను కాచుటకును తమ్ముని కాచుటకును వాడబడిన మాట ఒక్కటే, షామర్. తోటకు కావలి మానినవాడు తమ్మునికి కావలి మానుటకు దూరములో లేడు. తమ్ముని రక్తము నేలనుండి మొరపెట్టెను, నేలయు వానికి తన సారము ఇయ్యకపోయెను. నేలను మనుష్యుని వేరుచేయుటకు వీలులేదు.

కావున మనము మొదట వేసిన ప్రశ్నకు జవాబు ఇది. వస్తువును చేసినవానికి దోషములో పెద్ద పాలు కలదు, దానిని నడుపువానికి కలదు, దానివలన మేలు పొందు మనకును కొంత కలదు. ఏలయనగా పిట్టగోడ ఆజ్ఞ తాపీ మేస్త్రికి మాత్రమే గాక, ఆ యింటిలో కాపురముండు యజమానికి ఇయ్యబడెను. చేయగలిగినది చిన్నదైనను చేయుదము. ఫోను చెడినప్పుడు బాగుచేయించుకొని మరికొన్నాళ్లు వాడుదము. పాత బ్యాటరీని కాలువలో పారవేయక, తిరిగి తీసికొను దుకాణమునకు ఇత్తము. పొరుగు అవ్వకు ఫోను వచ్చినప్పుడు ప్రక్కన కూర్చుందము.

ఇంత కావలి మనవలన అగునా అని భయపడకుడి. నూట ఇరువది యొకటవ కీర్తనలో అదే షామర్ అను మాట ఆరుమార్లు వచ్చును. ఆరుమార్లును కాచువాడు యెహోవాయే. కునుకక నిద్రపోక కాచువాడు మనకున్నాడు గనుకనే మనము ఒకరినొకరము కాచుకొనగలము. ఆయనకే మహిమ కలుగును గాక. ఆమేన్.